మోటారుసైకిలు పీల్చెడు గాలి

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు, తొమ్మిదవ తరగతిలో నేను ఇంజనులనుగూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి నిలిచి, "మేష్టారూ, బండికి పెట్రోలు మనం పోస్తాం, ఆయిలు మనం పోస్తాం. మరి గాలి ఎవరు పోస్తారండీ?" అని యడిగెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయనగా, ఆ ప్రశ్నను నేనే సరియైన కాలమున వేసికొనియుండినయెడల నా మోటారుసైకిలు ఇంజను చెడక నిలిచియుండెడిది. ఆనాడు గంట మ్రోగుటచే సగములో విడిచిన జవాబును ఈ సంచికలో పూర్తిచేయుచున్నాను. మోటారుసైకిలు నడపెడు తలిదండ్రులకును, ముందు నడపబోవు బాలబాలికలకును (18 ఏండ్లు నిండి లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మటనే సుమా!) దీనివలన కొంత ఉపయోగము కలుగవచ్చును.

మొట్టమొదట గాలి యెంత కావలెనో చూతము. పెట్రోలు ఒంటిగా మండదు; గాలిలోని ప్రాణవాయువుతో కూడినప్పుడే మండును. ఒక కిలోగ్రాము పెట్రోలు సంపూర్ణముగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. లీటరు పెట్రోలు తూకము ఇంచుమించు 740 గ్రాములు. కావున లీటరు పెట్రోలునకు దాదాపు 11 కిలోగ్రాముల గాలి యగును. మన ప్రాంతపు వేడిమిలో ఘనమీటరు గాలి 1.2 కిలోగ్రాములకు కొంచెము తక్కువగా తూగును గనుక, ఆ గాలి 9,000 లీటర్లకు మించియుండును. నేడు బంకులలో పోయు పెట్రోలునందు నూటికి 20 పాళ్ళవఱకు ఎథనాలు కలుపుచున్నారు. ఎథనాలులో ప్రాణవాయువు ముందుగనే కొంత యుండుటచే గాలి లెక్క కొంచెము తగ్గును గాని, మన పాఠమునకు ఆ భేదము అడ్డురాదు.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు 350. బుల్లెట్టు అను పేరు ఆంగ్లదేశమున 1932లో పుట్టినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ యేర్పడినది మొదలు అది మన దేశపు బండియే యైనది. దూరప్రయాణములు చేయువారికి దానిపై నొక విధమైన మమకారము. నా బండి లీటరునకు 35 కిలోమీటర్లు నడచును. కాబట్టి 350 కిలోమీటర్ల ప్రయాణమునకు, అనగా గుంటూరునుండి తిరుపతికి చేరువగా పోవుటకు, 10 లీటర్ల పెట్రోలును 90,000 లీటర్ల గాలియును కావలెను. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని ఊహింపుడు. ఆ గదిలోని గాలి యంతయు ఒక్క పగటిలో ఆ చిన్న ఇంజను పీల్చివేయును!

ఇదే లెక్కను వేఱొక త్రోవను సరిచూడవచ్చును. బాలురు పలకపై వేసికొందురుగాక. ఈ ఇంజను సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరము 90 మిల్లీమీటర్లు. వీనినుండి ఘనపరిమాణము కట్టిన 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. నాలుగు దెబ్బల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చును. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో 1,500 మార్లు పీల్చును. ప్రతిసారి కడుపునిండ పీల్చినయెడల 519 లీటర్లు. అయితే సాధారణపు నడకలో థ్రాటిలు సగము మూసియుండుటచే అందులో సుమారు సగము మాత్రమే లోనికి పోవును. ఊరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు 6, 7 లీటర్ల గాలి పీల్చును. కావున పోవుచున్న బుల్లెట్టొక్కటి, నిశ్శబ్దముగా కూర్చున్న ఒక తరగతి బాలురందఱు పీల్చునంత గాలి పీల్చుచున్నదన్నమాట. (నిశ్శబ్దముగా కూర్చున్న తరగతి యెక్కడనైన నున్నదా యని మాత్రము నన్నడుగవలదు.)

గాలి యొక్కటే పోయిన బాధలేదు. గాలితో దుమ్ము పోవును. మన ముక్కునందు వెండ్రుకలును చీమిడియు ఉండి దుమ్మును పట్టుకొనుచున్నవి. ఇంజనునకు అట్టి ముక్కే గాలి ఫిల్టరు.

దుమ్ము ఇంజనును ఎట్లు చెఱుచునో తెలిసికొనవలెనన్న అది యే రాతి దుమ్మో అడుగవలెను. జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడైన ఫ్రీడ్రిక్ మోస్ 1812లో రాళ్ళ గట్టిదనమునకు ఒక కొలత యేర్పఱచెను. మెత్తని టాల్కు 1, వజ్రము 10. సున్నపురాతిలోని కాల్సైటు 3. చాకు ఉక్కు సుమారు 5½. ఇసుకలోని క్వార్ట్జు 7. అనగా క్వార్ట్జు రజను ఇనుమును గీయగలదు. సున్నపు రజను గీయజాలదు. సిలిండరు గోడకును పిస్టను రింగులకును నడుమ నుండు నూనెపొర కొన్ని మైక్రానుల మందము మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవవంతు; మన తలవెండ్రుక సుమారు 70 మైక్రానులుండును. కంటికి కనబడు పెద్ద గులక యంత ప్రమాదకరము కాదు. ఆ నూనెపొర మందమునకు సరిపోయి దానిలో దూఱగల 5 మొదలు 20 మైక్రానుల రజనే మిక్కిలి కీడుచేయును. అది నూనెతో కలిసి, వడ్రంగులు నునుపుచేయుటకు వాడు గరుకు కాగితమువలె లోహమును అరగదీయును. రింగులు దాటి క్రిందికి దిగిన రజను ఇంజను నూనెలో చేరి బేరింగులవఱకు పోవును.

ఇక ఆ రజనును ఆపు ఫిల్టరు సంగతి. నా బండిలోనిది కాగితపు ఫిల్టరు. మామూలు కాగితము కాదు. చెట్టు నారతో చేసి జిగురుమందు పట్టించిన సందుల కాగితము. దానిని విసనకఱ్ఱవలె మడతలు మడతలుగా పెట్టి, చిన్న చోటులో పెద్ద వైశాల్యము ఇమిడ్చెదరు. వైశాల్యము హెచ్చినకొలది గాలి మెల్లగా, సులభముగా దాటును. చాలమంది ఇది పిండిజల్లెడవంటిదని తలంతురు. నేనును అట్లే బోధించుచుంటిని; అది పూర్తిగా సరికాదు. జల్లెడ తన కన్నుకంటె పెద్దదానినే ఆపును. ఈ కాగితము తన సందులకంటె చిన్నవైన కణములనుగూడ ఆపగలదు. ఎట్లన, బరువైన కణము గాలితోపాటు మలుపు తిరుగలేక నారకు కొట్టుకొని నిలిచిపోవును. దానికంటె తేలికయైనది గాలితో తిరిగినను నారను ఒరసికొని పోవునప్పుడు అంటుకొనును. మిక్కిలి సూక్ష్మమైనవి, 1827లో రాబర్ట్ బ్రౌను సూక్ష్మదర్శినిలో చూచిన తీరున, ఇటునటు తత్తఱపడుచు తిరిగి తిరిగి తుదకు ఏదోయొక నారకు తగులుకొనును.

ఇందులో ఒక వింత యున్నది. క్రొత్త ఫిల్టరుకంటె కొంచెము దుమ్ముపట్టిన ఫిల్టరే మేలుగా వడకట్టును. పట్టుబడిన దుమ్మే నారలనడుమ మఱియొక జల్లెడగా నేర్పడి వెనుక వచ్చు దుమ్మును ఆపును. కావున ఫిల్టరు కొద్దిగా నల్లబడినది చూచి వెంటనే పాఱవేయుటయు, వారమునకొకసారి తీసి దులుపుటయు తెలివిగల పని కాదు. తెఱచిన ప్రతిసారి కొంత దుమ్ము లోనికి జాఱుటకు అవకాశమిచ్చుచున్నాము. అయితే ఆ దుమ్ముపొర మితిమీరి మందమైనప్పుడు గాలియే దాటలేదు. ఆ దశ రాకమునుపే మార్చవలెను. ఎన్ని కిలోమీటర్లకు అన్న ప్రశ్నకు బండితో ఇచ్చిన పుస్తకమే జవాబు చెప్పవలెను. దుమ్ము దారులలో తిరుగువారు ఆ గడువును తగ్గించుకొనవలెనని ఆ పుస్తకములే వ్రాయుచున్నవి.

కాగితము గాక మఱికొన్ని విధములున్నవి. కొన్ని బండ్లలో నూనె పట్టించిన స్పంజి యుండును. దూరప్రయాణపు పిచ్చిగల యువకులు కొందఱు నూనెలో తడిపిన నూలుగుడ్డ ఫిల్టరులు కొని పెట్టింతురు. వానిని కడిగి మరల మరల వాడవచ్చును, కాని వెల హెచ్చు, నూనె హెచ్చుతగ్గులు కాకుండ పట్టించుట నేర్పుతో కూడిన పని. పొలములు గల తండ్రులు పాత ట్రాక్టరులందు చూచియుందురు: అడుగున నూనె పోసిన గిన్నె, గాలి ఆ నూనెను తాకి పైకి మలుగునప్పుడు దుమ్ము నూనెలో మునిగిపోవుట. అదియు ఫిల్టరే.

నా కథ చెప్పెదనంటిని. నాలుగేండ్ల క్రిందట దసరా సెలవులలో నేనును నా బావమఱదియు గుంటూరునుండి బయలుదేఱి పిడుగురాళ్ళ, మాచర్ల మీదుగా నల్లమల దాటి శ్రీశైలము పోవ నిశ్చయించితిమి. అంతకుముందు రెండేండ్లనుండి నేను ఆ ఫిల్టరు పెట్టెను తెఱచియుండలేదు. బండి నడచుచున్నది గదా యని నమ్మకము. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరని అందఱెఱిగినదే. ఆ ప్రాంతమున లారీల వెనుక తెల్లని మేఘమువంటి దుమ్ములో గంటకుపైగా నడచితిమి. మా కనుబొమలుకూడ తెల్లబడెను. నా బావమఱది నన్ను చూచి, "బావా, నీకు ఒక్క పూటలో ముసలితనం వచ్చింది" అని నవ్వెను. మేము నవ్వుకొనుచుండగా బండి నవ్వలేదు. ఎత్తులు ఎక్కలేక ఆయాసపడెను. సైలెన్సరునుండి నల్లని పొగ రాసాగెను.

దారిలో ఒక ఊరియందు చెట్టుక్రింద బండ్లు బాగుచేయు మేస్త్రీ యొకడుండెను. అతడు ప్రక్కపెట్టె తెఱచి ఫిల్టరును వెలికిదీసి నేలకు తట్టగా పిండిబస్తా దులిపినట్లు దుమ్ము లేచెను. అతనియొద్ద క్రొత్తది లేదు. "మేష్టారూ, ఇది తీసేసి పొండి. గాలి ధారాళంగా ఆడుద్ది. ఊరెళ్ళాక కొత్తది ఏయించుకోండి" అనెను. ఫిల్టరు లేకుండ బండి నిజముగా గుఱ్ఱమువలె లాగెను! ఆ హుషారులో నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడనన్న సంగతి మఱచితిని. మేస్త్రీని నేను తప్పుపట్టను. అతడు ఊరు చేరువఱకు మాత్రమే చెప్పెను. శ్రీశైలము కొండలు క్వార్ట్‌జైటు రాతివి. అనగా క్వార్ట్జు నిండిన శిల. సున్నపు రజను తగిలినప్పుడు కాపాడిన ఫిల్టరును, అంతకంటె ఎన్నోరెట్లు గట్టిదైన రజను తగులబోవుచోట నేనే తీసి సంచిలో పెట్టుకొంటిని! ఇల్లు చేరిన పిమ్మటనైన క్రొత్తది కొంటినా? బండి చక్కగా పోవుచున్నది గదా, వచ్చే నెల చూతమనుకొంటిని. అట్లు రెండువేల కిలోమీటర్లు గడచెను.

సంక్రాంతినాటికి సైలెన్సరునుండి నీలపుపొగ వచ్చుచుండెను. నల్లపొగ వేఱు, నీలపుపొగ వేఱు. నల్లనిది పెట్రోలు ఎక్కువై సరిగా మండనప్పుడు వచ్చును. నీలమైనది ఇంజను నూనె సిలిండరులోనికి వచ్చి కాలుచున్నదని తెలుపును. నూనె కొలచు గాజుకంటిలో మట్టము వారము వారము తగ్గుచుండెను. షెడ్డులో ఇంజను విప్పి చూడగా సిలిండరు గోడమీద నిలువు గీతలు దువ్వెనతో దువ్వినట్లుండెను. రీబోరు చేయించి, అర మిల్లీమీటరు పెద్దదైన పిస్టనును క్రొత్త రింగులను వేయవలసివచ్చెను. నెల జీతములో మూడవవంతు పోయెను. ఆ సొమ్ము మా పెద్దమ్మాయి కళాశాల ఫీజు కొఱకు దాచినది. ఆమె యేమియు అనలేదు. అందువలన నాకు మఱింత బాధ కలిగెను. ఫిల్టరు వెల ఆ ఖర్చులో నూఱవవంతైనను కాదు, ఇంచుమించు రెండు పూటల కాఫీ ఫలహారముల ఖరీదుకు కొంచెము ఎక్కువ.

ఫిల్టరు పూడిపోయిన నల్లపొగ యేల వచ్చునని ఎవరైన అడుగవచ్చును. కార్బ్యురేటరులో గాలి యొక ఇఱుకు గొట్టముగుండ వేగముగా పోవును. అక్కడ ఒత్తిడి తగ్గుటచే ప్రక్కనున్న గిన్నెనుండి పెట్రోలు పైకి పీల్చబడును. గొట్టము ముందే అడ్డు పడినచో గొట్టములో ఒత్తిడి మఱింత తగ్గును, గిన్నెమీద మాత్రము బయటి గాలి ఒత్తిడి యట్లే యుండును. కావున గాలి తగ్గి, దానికి తగినదానికంటె పెట్రోలు హెచ్చును. ప్లగ్గు మసిబట్టును, మైలేజీ పడిపోవును. ఫిల్టరు పూర్తిగా తీసివేసిన దీనికి ప్రతికూలముగా పెట్రోలు పలుచనై ఇంజను మితిమీరి వేడెక్కును. కావున ఫిల్టరు లేని గుఱ్ఱపు నడక కూడ మంచిదికాదు.

క్రొత్త బండ్లలో ఈ సంగతి కొంచెము మాఱినది. భారత్ స్టేజి 6 నియమములు 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినప్పుడు బుల్లెట్టులో కార్బ్యురేటరు పోయి పెట్రోలు చిమ్ము ఇంజెక్షను వచ్చెను. అందు పొగగొట్టములోని ప్రాణవాయువును కనిపెట్టు సాధనమొకటి యుండి, గాలి తగ్గిన పెట్రోలును తగ్గించును. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో కార్లపై పరీక్షించి, ఇంజెక్షను గల వానిలో ఫిల్టరు పూడినను మైలేజీ అంతగా తగ్గదనియు, వేగము పుంజుకొను శక్తి మాత్రము తగ్గుననియు ప్రకటించిరి. కాబట్టి "మైలేజీ బాగానే ఉంది, ఫిల్టరు ఎందుకు?" అను మాట క్రొత్త బండి గలవారు అనరాదు. మైలేజీ చెప్పు సాక్ష్యము వారికి లేదు.

మఱియొక పొరపాటుకూడ ఇక్కడనే చెప్పవలెను. మన యువకులు కొందఱు పాత బుల్లెట్టులమీద లడఖ్ పోవుచుందురు. ఖర్దుంగ్ లా కనుమకడ బండి నల్లపొగ క్రక్కి మొరాయింపగా, ఫిల్టరు పూడినదని దానిని పీకివేయుదురు. ఆ కనుమ 5,359 మీటర్ల ఎత్తున నున్నది. (పూర్వము అక్కడ బోర్డుమీద 5,602 అని వ్రాసియుండిరి గాని, కొలత తప్పు.) అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు సగమే. ఫిల్టరు ఎంత శుభ్రమైనను లేని గాలిని తేజాలదు. అచ్చట బండి నెమ్మదిగా ఎక్కుటయే న్యాయము.

ఇప్పుడు మార్చు విధము. ఇది చేయుటకు మేస్త్రీ అక్కఱలేదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పానా, రెండు శుభ్రమైన గుడ్డలు, అరగంట తీరిక చాలును. ఇంజను చల్లారిన పిమ్మట, గాలి వీచని నీడపట్టున, సమమైన నేలపై బండిని నడిమి స్టాండుమీద నిలుపవలెను. చాల బండ్లలో ఫిల్టరు ఆసనము క్రిందనో ప్రక్కమూత లోపలనో యుండును. కొన్ని పెద్ద విదేశపు యాత్రాబండ్లలో మాత్రము పెట్రోలు టాంకు ఉండవలసినచోట దాగియుండి, పైతొడుగులన్నియు విప్పినగాని చేతికందదు. అట్టివారు బండి పుస్తకము తెఱచియుంచుకొని పని మొదలుపెట్టుట మేలు.

మూత తెఱచుటకు ముందే దాని చుట్టునున్న దుమ్మును తడిగుడ్డతో తుడువవలెను. ఈ చిన్నపనిని అందఱు విడిచెదరు. పొడిగా తెఱచిన, అంచులమీది దుమ్మంతయు శుభ్రమైన భాగమున రాలును. మరలు ఊడదీసి, ఏది యెక్కడిదో మఱవకుండ ఒక గిన్నెలో వరుసగా ఉంచుడు. ఫిల్టరును మెల్లగా, త్రిప్పక కుదుపక వెలికి తీయుడు. తీసిన వెంటనే ఇంజను వైపునకు పోవు గొట్టపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూయవలెను. ఆ గుడ్డ ఎఱ్ఱనిదో పసుపుపచ్చనిదో అయిన మంచిది. పని ముగించునప్పుడు తీయుట మఱచిపోకుండుటకు. నవ్వకుడు, గుడ్డ లోపలనే మఱచి బండి స్టార్టు కాలేదని తోసికొని పోయినవారుందురు.

తరువాత పెట్టె లోపలిభాగమును తడిగుడ్డతోనే తుడువుడు. నోటితో ఊదరాదు. ఆ పెట్టె యడుగున సాధారణముగా ఒక చిన్న రబ్బరు గొట్టము బిరడాతో నుండును. ఇంజను ఊపిరినుండి వచ్చిన నూనెయు, వానలో చేరిన నీరును అందులో దిగును. బిరడా తీసి దానిని కార్చి మరల బిగింపవలెను. ఫిల్టరునకు అవతలి ప్రక్క, అనగా శుభ్రముగా నుండవలసిన ప్రక్క, వ్రేలితో రాచి చూడుడు. వ్రేలికి మట్టి అంటినచో ఫిల్టరు చిరిగియుండవచ్చును, లేదా దాని అంచు సరిగా కూర్చొనక దుమ్ము ప్రక్కత్రోవను దూఱియుండవచ్చును. వైద్యుడు నాడి చూచినంత శ్రద్ధతో ఈ వ్రేలి పరీక్ష చేయవలెను. నా బండిని ఆ సంక్రాంతికి ముందే ఇట్లు చూచియుండినచో మిగిలిన కథ లేకపోవును.

పాత కాగితము చూడదగినంత మంచిగానే యున్నదని తోచినచో, లోపలినుండి దీపము పెట్టి బయటినుండి చూడుడు. వెలుతురు సమముగా వడిసిన వాడవచ్చును. సూదిమొనయంత చుక్క మెఱసినను అది చిల్లు. కాగితపు ఫిల్టరును నీటిలోగాని పెట్రోలులోగాని కడుగరాదు. షెడ్డులలో పెద్ద ఒత్తిడి గాలి కొట్టి దులుపుట పరిపాటి. ఆ దెబ్బకు నారలు తెగి సందులు పెద్దవగును; చూచుటకు తెల్లగా, పనిలో చిల్లులకుండగా నుండును. నూనె పట్టించిన జిగురుకాగితపు ఫిల్టరులు కొన్ని కంపెనీల బండ్లలో వచ్చుచున్నవి. వానిని దులుపుటకూడ పనికిరాదు, గడువైన మార్చుటయే. స్పంజి మాత్రము కడుగదగినది. సబ్బునీటిలో పిండి (పిడచవలె నొక్కవలెను గాని బట్టవలె మెలిపెట్టరాదు), నీడను పూర్తిగా ఆఱనిచ్చి, తగిన నూనె పట్టించి, మిగిలినది నొక్కి తీసి పెట్టవలెను.

క్రొత్తదానిని పెట్టునప్పుడు రబ్బరు అంచు చుట్టును ఎచ్చటను మడతపడకుండ కూర్చొనవలెను. ఫిల్టరు ఎంత మంచిదైనను అంచు ప్రక్కన వెండ్రుకంత సందు మిగిలినచో గాలి సులభమైన ఆ దారినే పోవును, దుమ్మును వెంటబెట్టుకొని పోవును. మరలను ఒకదానినే పూర్తిగా బిగింపక, ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించుచు రావలెను. గొట్టపు నోటిలోని ఎఱ్ఱగుడ్డ తీసితిరా? మంచిది. మూత లోపల పెన్సిలుతో తేదీయు, మీటరులోని కిలోమీటర్లును వ్రాయుడు. జ్ఞాపకశక్తిని నమ్ముకొనరాదు, నేను నమ్ముకొంటిని.

దూరము పోవువారు ఒక క్రొత్త ఫిల్టరును గట్టి సంచిలో మూతికట్టి వెంట తీసికొనిపోవుట మంచిది. దాని బరువు ఒక రొట్టె బరువుకూడ ఉండదు. లారీ వెనుక దుమ్ములో పడినప్పుడు, దానిని దాటుటకు తొందరపడుటకంటె ఆగి టీ త్రాగుట మేలు. ఘనమీటరు గాలిలో అర గ్రాము దుమ్మున్నదనుకొనుడు; గంటకు 15 ఘనమీటర్లు పీల్చు బండికి ఏడెనిమిది గ్రాముల దుమ్ము, ఒక చెంచాకు మించినది, ఎదురుపడును. ఆ చెంచాడు రజనును మనము భోజనములో కలుపుకొందుమా? కొనునప్పుడు బండి పేరుగల అసలు ఫిల్టరునే అడిగి తీసికొనుడు. అంగళ్ళలో అదే పెట్టెలో అదే రంగున నకిలీలు వచ్చుచున్నవి. మడతలు తక్కువగను, అంచు రబ్బరు గట్టిగను ఉండుటయే వాని గుర్తు.

జనవరిలో నా బండి ఫిల్టరు గడువు వచ్చెను. ప్రశ్న వేసిన ఆ బాలునే పిలిచి, పాఠశాల వెనుక వేపచెట్టుక్రింద వానిచేతనే మార్పించితిని. మఱి నలుగురు బాలురు చుట్టునుండి చూచిరి. పాత ఫిల్టరును వారు విజ్ఞానశాస్త్రపు గదికి తీసికొనిపోయి, కత్తిరించి మడతలు విప్పి పఱచిరి. బల్ల చాలక చివరి కొన నేలకు వ్రేలాడెను. సూక్ష్మదర్శిని క్రింద చూడగా దుమ్ములో మెఱయు పలుగురాతి ముక్కలు కొన్ని, సున్నపు పొడి కొంత, ఒక దోమ రెక్కయు కనబడెను. ఆ కాగితపు ముక్కను గాజుపలకల నడుమ అతికించి బీరువా పై అరలో ఉంచితిమి. చూడదలచిన తలిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడు అడిగిన చూపింతుము. మూత లోపల ఆ బాలుని దస్తూరితో తేదీయు, 61,240 అను అంకెయు వ్రాసియున్నవి.